ఒక హారన్ అంటే సరే

మొదటి షిఫ్టు దిగే వేళకు గని గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దగ్గర నిలబడటం సుజితకు అలవాటు. చేతిలో గొడుగు, నోట్లో ఒక ప్రశ్న. ఆ రోజు ప్రశ్న బడి గోడ గురించి.

"సదయ్య కాకా, ఎనుక గోడ కట్టించుడు సరేనా?"

సదయ్య బండి ఆపకుండానే ఒక్క హారన్ కొట్టి పోయాడు. ఒకటంటే సరే, రెండంటే కాదు.

గని కార్మికులు చందాలేసుకుని కట్టుకున్న బడి అది. కమిటీలో ఒకరు ఇంటికొచ్చే వేళకు ఇంకొకరు గనిలోకి దిగుతారు. అందరూ ఒక్కచోట కూర్చున్న పూట బడి పుట్టిననాటి నుంచి లేదు. అందుకే ప్రశ్నే గేటు దాకా నడిచొచ్చేది. టీచర్ల తరఫున కమిటీలో ఉన్న సుజిత అడిగి వచ్చేది. ప్రెసిడెంటు సామ్యేల్, అంటే ఆమె తండ్రి, ఇంటి అరుగు మీద కూర్చుని "తీర్మానమైంది" అనేవాడు.

"ఇదేనా మీ మీటింగు?"

వెనక్కి తిరిగితే చాయ్ గ్లాసుతో జైపాల్. ఆ పొద్దున్నే బడి ఆఫీసులో కొత్తగా చేరాడు. రూల్సు, అనుమతులు చూసుకోవడం అతని పని.

"అవును సార్."

"బర్రె అడ్డమొస్తే కొట్టిన హారన్ సుత తీర్మానమేనా?"

"బర్రెకు రెండు కొడతరు సార్."

నవ్వకూడదనుకుంది. అప్పుడే వాన మొదలైంది. బొగ్గుపొడి కలిసిన వాన, చుక్క పడ్డచోటల్లా కాటుక పెట్టినట్టు మచ్చ. జైపాల్ తన తెల్ల చొక్కాను చూసుకున్నాడు, తరువాత ఆమె గొడుగును చూశాడు. సుజిత గొడుగు కొంచెం అతని వైపు జరిపింది. అంతే, అక్కడ మొదలైంది.

ఆ తరువాత గేటు దగ్గరికి ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. జైపాల్ బండి స్టాండు వేసి, "మిర్చి బజ్జీ తిందమా టీచరమ్మా?" అనేవాడు. సుజిత మాట్లాడకుండా అతని బండి హారన్ ఒక్కసారి నొక్కేది. ఆమెకు మాటలు తక్కువ. ఆ మోత వినడానికే అతను బజ్జీలు తినేవాడేమో.

"ఒక్క ఆదివారం అందరిని ఒక గదిల కూసోబెట్టు," అన్నాడు ఒకనాడు. "బడి గుర్తింపు రెన్యువల్‌కు పై ఆఫీసు సారు వస్తడు. అడిగితే నేను అబద్ధం చెప్ప."

"ఇన్నేండ్లు ఎవరు అడుగలే సార్."

"అడిగే రోజు ఒకటుంటది."

సుజిత ఇంట్లో చెప్పింది. సామ్యేల్ కళ్ళజోడు తీసి చూశాడు. "భూమి లోపల ఒకన్నొకడు నమ్ముకొని బతికినోళ్లం బిడ్డా. మా మాటకు గది కావాల్నా?" ఆమె ఇంకో మాట అనలేదు. ఆదివారం వచ్చింది. సగం మంది డ్యూటీకి పోయారు, సగం మంది పడుకున్నారు. జైపాల్ ఖాళీ గదిలో కుర్చీలు వేసి, సాయంత్రానికి తనే తీసేశాడు.

ముసురు పట్టిన రోజున ఆఫీసరు వచ్చాడు. "మీ కమిటీ ఆఖరుసారి ఎప్పుడు కూర్చుంది?" అని జైపాల్‌నే అడిగాడు. జైపాల్ సుజిత వైపు చూశాడు. ఆమె కళ్ళు బతిమాలాయి.

"ఎప్పుడు కూసోలే సార్," అన్నాడు.

గుర్తింపు ఆగిపోయింది. పదో తరగతి పిల్లలు వేరే బడి పేరు మీద పరీక్ష రాయాల్సి వచ్చింది.

"ఇంటి గుట్టు బజార్ల పెట్టిండు," అన్నాడు సామ్యేల్. "గేటుకాడికి పో బిడ్డా. తీసేద్దమా అని అడిగిరా."

పోనని అనొచ్చు. సుజిత గొడుగు తీసుకుంది.

"జైపాల్ సార్‌ను తీసేద్దమా?"

ముందు బండి ఒక్క హారన్ కొట్టింది. వెనక బండిదీ ఒక్కటే. సదయ్య మాత్రం బండి ఆపాడు.

"నువ్వేమంటవ్ బిడ్డా?"

"డాడీ అడుగుమన్నడు కాకా."

సదయ్య ఆమె ముఖంలోకి కాసేపు చూసి, ఒక్కటి కొట్టి కదిలాడు.

చివరగా వచ్చిన బండి జైపాల్‌ది. వెనక సీటుకు బ్యాగు కట్టి ఉంది.

"అందరియి విన్న. నీది ఒక్కటి విని పోదమని ఆగిన."

హారన్ ఆమె చేతికి అందేంత దగ్గరలో ఉంది. రెండుసార్లు నొక్కితే చాలు. సుజిత గొడుగు పిడిని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అతను తడుస్తూ ఎదురుచూశాడు. తరువాత బండి గోదావరి బ్రిడ్జి వైపు తిరిగింది.

గుర్తింపు మళ్ళీ కావాలంటే కమిటీ కూర్చోక తప్పలేదు. ఏడాది తిరిగాక ఒక ఆదివారం అందరూ కడిగిన ముఖాలతో ఒక్క గదిలో కూర్చున్నారు. 'ఇదే మా మొదటి మీటింగు' అని రాసి సంతకాలు పెట్టబోతుంటే సదయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇదే మొదటిదంటే, ఆ పిలగాన్ని తీసేసింది ఏ మీటింగుల?"

సామ్యేల్ కళ్ళజోడు తుడిచి తుడిచి పెట్టుకున్నాడు.

"అంటే తీసెయ్యనట్టే," అన్నాడు. తరువాత కూతురి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఈసారి నేను పంపుత లేను బిడ్డా. నీకు పోవాలనుంటే పో," అన్నాడు.

నస్పూర్‌లో జైపాల్ చేరిన ఇంకో బడి ముందు షేర్ ఆటో దిగింది సుజిత. అతను అప్పుడే బండి తీస్తున్నాడు.

"మిమ్మల్ని తీసెయ్యలేదట."

"ఎవరన్నరు?"

"కమిటీ. అప్పుడు మీటింగే కాలేదు గదా, చెల్లదట."

నవ్వాడు. "నా రూలు నాకే పనికొచ్చింది." ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. "పదో తరగతి పిల్లలు?"

"రాసిండ్రు. హర్షిణి ఒక్కతి రాయలే. గా దూరం పంపేది లేదని ఇంట్ల సదువు బంద్ చేసిండ్రు." సుజిత తల వంచుకుంది. "ఆ ఆదివారం డాడీతోని గట్టిగ చెప్పాల్సుండె."

"నేను సుత రూలు చెప్పిన గానీ, ఒక్కసారి సామ్యేల్ సార్ అరుగు మీద కూసొని మాట్లాడలే." బండి స్టాండు వేసి అన్నాడు, "అందరిని అడిగినవు. నీదేందో చెప్పలే."

సుజిత చెయ్యి చాపి హారన్ రెండుసార్లు నొక్కింది.

జైపాల్ రోడ్డు అటూ ఇటూ చూశాడు. "బర్రె ఏం లేదు గదా."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇంత ఆలస్యంగ వచ్చిన ఓటు లెక్కల పడదు టీచరమ్మా."

"తెలుసు." గొడుగు చేతులు మార్చుకుంది. "వచ్చే ఆదివారం మళ్ల కూసుంటున్నం. వస్తవా?"

'వస్తరా సార్' అనకుండా 'వస్తవా' అన్నదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. జైపాల్ చాలాసేపు ఆమెనే చూసి, ఒక్క హారన్ కొట్టాడు.

ఇదే బండి ఇంతే దగ్గరలో ఆగిన ఆ వాన రోజున, ఆమె అడగాల్సింది 'వస్తవా' అన్న ఆ ఒక్క మాటే.