తిరిగొచ్చిన నీళ్లు

మధురవాడలో మా అపార్ట్‌మెంట్‌కి వేసవిలో ట్యాంకర్లే దిక్కు. అందుకని సెల్లార్‌లో ప్లాంటు పెట్టారు. బాత్రూముల నీళ్లు, సింకుల నీళ్లు అన్నీ అందులో శుద్ధి అయి మళ్లీ వంటింటి కుళాయిలోకే వస్తాయి. మొదటిరోజు అసోసియేషన్ ప్రెసిడెంటు శ్రీరామ్మూర్తిగారు అందరి ముందూ గ్లాసెడు తాగి, "చూడండమ్మా, బతికే ఉన్నాను!" అని నవ్వారు.

నాకు గొంతు దిగేవి కావు.

"మనం ఉమ్మింది మనమే తాగడం ఏటండీ?" అన్నాను మావారితో.

"ల్యాబులో పాసయ్యాయే. నువ్వే పాసవ్వలేదు" అన్నారు.

ఇంతలో, నన్ను నోరారా "పెసన్నా" అని పిలిచే ఎదురు ఫ్లాటు నారాయణమ్మగారు పోయారు. వాళ్ల ఊళ్లో అయితే వాకిట్లో స్నానం చేయిస్తారట, నీళ్లు మట్టిలో ఇంకిపోతాయి. ఇక్కడ వాకిలెక్కడిది? ఆడవాళ్లలో కోడలు గంగాభవాని ఒక్కతే ఉంది. సాయానికి నేనెళ్లాను. బాత్రూములో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కరెంటు లేదు, గీజర్ పనిచేయలేదు. బయట మగవాళ్లు తొందరపెడుతున్నారు. చన్నీళ్లే పోసేశాం. పసుపు, సబ్బు నురగ, ఆవిడ నోట్లోంచి కారింది... అంతా కలిసి సుడి తిరుగుతూ జాలీలోకి దిగిపోయింది.

అది ఎక్కడికి పోతుందో అప్పుడు తట్టలేదు.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి స్టెఫీ కాలేజీ నుంచి వచ్చి వంటింట్లోకెళ్లింది. కుళాయి గుర్రుమంది. ఆగింది. మళ్లీ గుర్రుమంది. అప్పుడొచ్చింది వాసన. మురుగు కాదు. పసుపూ, తడిసిన ముసలి ఒళ్లూ కలిసిన వాసన.

"తాగకే!"

అప్పటికే తాగేసింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ... గుటకల చప్పుడు హాల్లోకి వినిపిస్తోంది. నేను వెళ్లేసరికి గ్లాసు పడేసి కుళాయికే నోరు పెట్టింది. గడ్డం మీద జిడ్డు మెరుస్తోంది. నేను సింకులోనే కక్కాను. అదీ జాలీలోకే జారింది. నా కూతురు పక్కకి తప్పుకోలేదు.

"స్టెఫీ... చాలమ్మా..."

తల తిప్పలేదు. గుసగుసగా అంది.

"సన్నీల్లు పోసీసినారేటే, పెసన్నా... సలేస్తంది..."

స్టెఫీకి ఆ యాస రాదు. నన్ను పేరు పెట్టి పిలవదు. చన్నీళ్ల సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఆ పూటే ఆనందపురంలో మా తమ్ముడు టిమోతి ఇంటికి తీసుకొచ్చేశాను. ఇక్కడ బావి నీళ్లు. డాక్టరు ఏమీ లేదన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పిల్ల తింటోంది, నవ్వుతోంది. "అలా గుడ్లప్పగించి చూడకమ్మా, దిష్టి తగులుతుంది" అని వెక్కిరిస్తోంది. పట్టిందేదో వదిలిపోయిందనుకున్నాను.

ఇవాళ పొద్దున్న దాని స్నానానికి నేనే బావి నీళ్లు తోడి బకెట్లు నింపాను. లోపల చాలాసేపు నీళ్ల చప్పుడు. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది.

బకెట్లు ఖాళీ. సబ్బు తడవలేదు. నేలా తడవలేదు.

ఇంటి వెనక్కి పరిగెత్తాను. స్నానం నీళ్లు పడే తూము కింద మా తమ్ముడి కోళ్లు పొడి మట్టిలో పొర్లుతున్నాయి.