పాట కోసం కుట్టిన డేరా

లింగస్వామి కుట్టిన డేరాను మొట్టమొదట తిట్టింది కౌసల్యే. ఆ సంగతి దాచిపెట్టి వీళ్ల కథ చెప్పడం కుదరదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నల్గొండ పెద్దలు కొందరు కమిటీ వేసుకుని, హైస్కూలు మైదానంలో సంగీత సభలు పెట్టాలనుకున్నారు. స్టేజీ నుంచి జనం కూర్చునే చోటు దాకా ఒకటే డేరా కావాలన్నారు. లింగస్వామి తండ్రి కాటమయ్య పెళ్లిళ్లకు డేరాలు కిరాయికిచ్చే మనిషి. ఈసారి డిజైన్ నాదే అని కొడుకు పట్టుబట్టాడు. వాకిట్లో బట్ట పరిచి, బొగ్గుముక్కతో గీతలు గీసుకుని, దబ్బనం పట్టి తానే కుట్టాడు. నిండా పసుపు బట్ట, అంచుల్లో ఎరుపు, చుట్టూ బారెడు బారెడు కుచ్చులు. ఎండ పైనుంచి దిగితే లోపల నిలబడ్డవాళ్లంతా పసుపు రాసుకున్న పెళ్లివాళ్లలా కనిపించేవారు.

సభలకు నాలుగు రోజుల ముందు ఆ వెలుతురులోకి కౌసల్య వచ్చింది. మహబూబ్‌నగర్‌లో సంగీతం చెప్పే ఐలేశం పంతులు కూతురు; ఆయనా వెంట వచ్చాడు. మొదటి సాయంత్రం పాట ఆమెదే. వచ్చీ రాగానే స్టేజీ ఎక్కి ఒక చరణం పాడింది. స్టేజీ పక్కన కుచ్చు కుడుతున్న లింగస్వామి దారం చివర పళ్ల మధ్య పట్టుకుని, కొరకడం మరిచిపోయి అట్లాగే ఉండిపోయాడు.

ఆమె పైకీ పక్కలకూ చూసింది. "డేరా మంచిగున్నది. గని నా పాటను మింగుతాంది," అన్నది.

అతనికి ఎక్కడో చుర్రుమంది. "గొంతు జర పెంచుండ్రి. అప్పుడెందుకు మింగుతది?"

"నువ్వు పోయి ఆఖర్ల కూసో. నీకే ఎరుకైతది."

పౌరుషానికి పోయి చివర కూర్చున్నాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి, కుచ్చులు రెపరెపలాడుతున్నాయి. అతని చెవికి ఆ రెపరెపే వచ్చింది తప్ప పాట రాలేదు.

పెళ్లి డేరాకు కుచ్చులెన్ని ఉంటే ఆ ఇంటికి అంత పరువు. పెళ్లిలో ఎవరి మాటా ఎవరూ వినరు కాబట్టి ఆ కుచ్చుల గుణం ఇంతకాలం బయటపడలేదు. పాట కోసం కుట్టమంటే పిల్లవాడు అలవాటుకొద్దీ పెళ్లి కోసమే కుట్టాడు. మైకు పెట్టుకుంటే పోలా అని కమిటీవాళ్లు అన్నారు. మైకులో పాడితే రేకు డబ్బాలో పాడినట్టుంటుందని ఐలేశం ఒప్పుకోలేదు. అది ఉపన్యాసాలకు ఉంచుకోమన్నాడు.

లింగస్వామి ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రానికి కుచ్చులన్నీ విప్పేశాడు. కాటమయ్య వాటిని కుప్పపోసుకుని కూర్చుని చాలాసేపు బాధపడ్డాడు. కొడుకు మాత్రం కౌసల్యను వెతుక్కుంటూ వెళ్లి, నీ గొంతు నీకు ఎక్కడ మంచిగా వినిపిస్తుందని అడిగాడు.

"మా వంటింట్ల. మట్టిగోడల నడుమ పాడితే నా గొంతు నాకే ముద్దొస్తది," అని చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడింది.

మరునాడు స్టేజీ వెనక వెదురు తడకలు అర్ధచంద్రంగా వంచి నిలబెట్టాడు. తడకలకు మట్టి మెత్తుతుంటే ఆమె కొంగు దోపుకుని తానూ వచ్చింది. అలికినంతసేపూ అతన్ని ఏడిపిస్తూనే ఉంది. నీకు కుచ్చులు లేకపోతే నిద్ర పడుతుందా అన్నది, మీ ఇంట్లో పశువుల కొట్టానికి కూడా కుచ్చులున్నాయా అన్నది. ఆమె చెంప మీద మట్టి మరక ఉందని చెప్పాలనుకుని అతను చెప్పలేదు. చెబితే తుడుచుకుంటుంది కదా.

పాట ఆఖరి వరస దాకా పోవాలంటే ఇక పైకప్పు ఎత్తు పెంచాలి. దానికి కొత్త నడిమి గుంజ పాతాలి. ఇక్కడ కాటమయ్య ఇంటి పట్టింపు ఒకటుంది. కొత్త డేరాకు నడిమి గుంజను ఆలుమగలే కలిసి పట్టి నిలపాలి. ఎప్పుడూ వాళ్ల దగ్గర పనిచేసే పోచయ్య, అతని భార్య యాదమ్మ పట్టేవారు. ఆ పూట యాదమ్మ ఇంకా రాలేదు. ఆమె కోసం చూస్తుండగానే గాలి లేచింది. పసుపు బట్ట ఉబ్బి గుంజను ఒక పక్కకు ఈడ్చింది. లింగస్వామి ఒక్కడే దాన్ని కావలించుకుని తూలుతుంటే, కౌసల్య పరుగున వచ్చి రెండో వైపు పట్టుకుంది.

"ఇడువకు," అన్నాడు.

"ఇడువ," అన్నది.

తల మీద బట్ట లేస్తూ పడుతూ ఉంది. చినుకులు మొదలయ్యాయి. పసుపు వెలుతురు ఆమె ముఖం మీదికి వచ్చి పోతూ ఉంది. పోచయ్య మట్టి కూరి గుంజ బిగించి, ఇక వదలొచ్చని చెప్పినా ఇద్దరికీ వినిపించలేదు. ఆ కాసేపట్లోనే లింగస్వామికి తన సంగతి తనకు తెలిసిపోయింది. ఈ పిల్ల లేకుండా తనకు కుదరదు.

దూరం నుంచి కాటమయ్య కూడా చూశాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. సంబరం పట్టలేక కొబ్బరికాయ చేతపట్టుకుని ఐలేశం బస చేసిన ఇంటికి పోయాడు. కోస్గి దిక్కు చుట్టరికాలు కలుస్తున్నాయని పొద్దున్నే ఇద్దరూ చాయ్ తాగుతూ తేల్చుకున్నారు కూడా. మీ బిడ్డ మా గుంజ పట్టింది, ఇక మా కోడలే అన్నాడు.

ఐలేశం భగ్గుమన్నాడు. అంతకుముందు వచ్చిన సంబంధాలవాళ్లంతా పెళ్లయ్యాక పాటలెందుకు అన్నవాళ్లే. అందరినీ గడప దాటించిన మనిషి, గుంజ పట్టిందని పిల్లనిస్తాడా? సభా వద్దు, పాటా వద్దు, పొద్దున బస్సుకు పోదామని హార్మోనియం సర్దడం మొదలుపెట్టాడు. కౌసల్య గోడకానుకుని కూర్చుంది. ఏడాదిగా ఈ సాయంత్రం కోసమే సాధన చేసింది.

విషయం తెలిసి లింగస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"సారూ, గాలొస్తే ఆమె ఆసరైంది. అంతే. దానికి పాట ఆపకుండ్రి. నేను కనవడుడే మీకు కష్టమైతే, పాడేటప్పుడు ఎదురుంగ రాను."

ఐలేశం కోపం దిగింది. సభ నిలిచింది. కానీ 'అంతే' అన్న ఆ ఒక్క మాటకు కౌసల్య ముఖం తిప్పుకుంది. సభ నాటి దాకా మళ్లీ అతని వైపు చూడలేదు. ఆమె పాట నిలబెట్టాలని అన్న మాట ఆమెకే గుచ్చుకుందని పాపం అతనికి తెలియలేదు.

సభ నాటి సాయంత్రం జనం కిటకిటలాడారు. ఆమె స్టేజీ ఎక్కే వేళకు వాన పట్టుకుంది. నేల నాని, డేరా మోకు కట్టిన వెనకవైపు మేకు ఊడింది. లింగస్వామి మట్టిగోడ వెనక్కి పోయి, మోకు నడుముకు చుట్టుకుని, మడమలు బురదలో తన్నిపెట్టి నిలబడ్డాడు. పాట మొదలైంది. పాటను ముందుకు పంపాలని కట్టిన గోడ ముందుకే పంపింది. వెనకున్నవాడికి వాన చప్పుడు తప్ప ఏమీ దక్కలేదు. మధ్యలో పోచయ్య వచ్చి, ఆఖరి వరసలో బఠానీలు నమిలేవాళ్లు కూడా నమలడం ఆపేశారని చెప్పిపోయాడు. లింగస్వామి కళ్లు తుడుచుకోబోతే చేతులు ఖాళీగా లేవు.

పాటకూ పాటకూ నడుమ ఐలేశం వెనక్కి వచ్చాడు. ఇంత గాలికి డేరా ఎట్లా నిలిచిందో చూద్దామని కాటమయ్యనూ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల వెనక కౌసల్య.

"పాట ఎట్లున్నది?" అని అడిగాడు ఐలేశం.

"తెల్వదు సారూ. ఈడికి ఇనవడలే."

ఐలేశం మోకు వైపు, బురద వైపు, తడిసి ముద్దయిన కుర్రవాడి వైపు చూశాడు. కౌసల్య ముందుకు వచ్చింది.

"అంతే అన్నవు గద, మరెందుకు తడుస్తున్నవు?"

"నీ పాట ఆగుతదని భయంతోని అట్లన్న," అన్నాడు. పెద్దవాళ్లిద్దరూ వింటున్నారని తెలిసీ ఆగలేకపోయాడు. "అంతే కాదు. నువ్వంటే నాకు పానం. మీ బాపు ఒప్పుకున్నా లేకున్నా, నువ్వు పాడాలె."

ఆమె వానలో నిలబడి నవ్వింది. ఆ నవ్వు ఐలేశం చూశాడు.

"కాటమయ్యా, ఒక చెయ్యి వెయ్యి," అంటూ పంతులు పంచె ఎగగట్టి మోకు అందుకున్నాడు. "దీన్ని మనిద్దరం పట్టుకుందాం. పిల్లగాన్ని ముందలికి పోనీ. నా బిడ్డ పాట ఇనకుండ నా అల్లుడు ఎట్లయితడు?"

లింగస్వామి బురద కాళ్లతోనే పోయి మొదటి వరసలో కూర్చున్నాడు. కౌసల్య శ్రుతి చూసుకుని, అతన్నే చూస్తూ పాట ఎత్తుకుంది.