చెప్పుల సంచి

"పరిగెత్తమ్మమ్మా!"

నీలవేణి చెయ్యి పట్టుకుని లాగుతోంది.

బుల్లమ్మకి డెబ్బై ఏళ్ళు. పరుగెక్కడిది? రొప్పుతూ, తూలుతూ వస్తోంది. రెండో చేతిలో గుడ్డ సంచి. దాన్ని మాత్రం వదలడం లేదు.

వెనక బూట్ల చప్పుడు!

పార్కు మూసేశారు. వేవ్ పూల్ చుట్టూ లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. చినతిప్ప ఊరి జనాన్ని తెచ్చిన బస్సులు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"ఏటే గుంటా? ఎందుకిలగ లాగుతన్నావు?"

"నిన్ను చంపేస్తారట!"

బుల్లమ్మ ఆగిపోయింది.

"నన్నా? నానేటి సేసానే?"

ఏమీ చెయ్యలేదు. పొద్దుటి నుంచీ వేపచెట్టు కింద కూర్చుని ఊరందరి చెప్పులకీ, క్యారేజీలకీ కాపలా కాసింది. అంతే... ఆ పాపానికే!

నీలవేణి ఆమెని వాటర్ స్లైడ్ మెట్ల కిందికి తోసింది. తనూ దూరింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టార్చి వెలుగు పక్కనుంచి పోయింది.

సాగరలోకం పార్కులో అడుగు పెట్టాలంటే మణికట్టుకి బ్యాండ్ ఉండాల్సిందే. స్తంభం స్తంభానికీ రిసీవర్. ఎవరు ఎటు తిరిగారు, ఏ కొట్టు ముందు ఎంతసేపు నిలబడ్డారు, ఎవరు ఎవరి వెంట వెళ్ళారు... అన్నీ కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద చుక్కలై కదులుతాయి. ఆ చుక్కల్ని చదివి చెప్పడం నీలవేణి ఉద్యోగం. విజయనగరంలో ఇంజినీరింగ్ చదివి, సొంత ఊరి పక్కనే ఉద్యోగం దొరికిందని మురిసిపోయింది పిచ్చిది.

భోగాపురానికి ఎయిర్‌పోర్టు వస్తుందన్న కబురు పుట్టిన దగ్గర్నుంచీ పార్కువాళ్ళ కన్ను చినతిప్ప ఒడ్డు మీద పడింది. భూమి ఇస్తామని ఊళ్ళో ఒక్కడూ సంతకం పెట్టలేదు. వెనక ఎవరో ఉన్నారు. ఎవరు? ఎంత అడిగినా ఎవరూ నోరు విప్పలేదు.

అందుకే ఈ ఉచిత ప్రవేశం! ఊరంతటికీ బ్యాండ్లు! జనం ఎవరి చుట్టూ మూగితే వాళ్ళే నాయకుడని లెక్క.

అది తెలియక తనే చూపించింది. సాయంత్రం నవ్వుతూ, "సార్, మా అమ్మమ్మని చూడండి! ఒక్క రైడూ ఎక్కలేదు. ఊరి చుక్కలన్నీ ఆవిడ చుట్టూనే!" అంది.

మేనేజర్ మురళీమోహన్ నవ్వలేదు.

'నువ్వు నా కూతురులాంటిదానివమ్మా' అని మూడేళ్ళుగా అంటున్న మనిషి. తలుపవతలికి వెళ్ళి ఫోన్లో అన్నాడు... "లీడర్ దొరికింది సార్. ముసల్ది. వేవ్ పూల్లో జారిపడింది అనిపించేస్తాం."

నీలవేణి బల్ల మీది వాకీటాకీ, బ్యాండ్లు కోసే కటర్ జేబులో వేసుకుని వేపచెట్టు వైపు పరిగెత్తింది.

వాకీటాకీ గుర్రుమంది.

"స్లైడ్ మెట్ల కింద ఉంది. ఇద్దరూ అక్కడే."

బ్యాండ్లు!

జేబులోంచి కటర్ తీసింది. ముందు అమ్మమ్మది... టక్! తర్వాత తనది... టక్! రెండూ లేజీ రివర్‌లోకి విసిరేసింది. నీళ్ళతో పాటు కొట్టుకుపోయాయి.

"పద!"

ఐస్‌క్రీమ్ కొట్ల వెనక సందు. చీకటి. నడుస్తూనే ఫోన్ తీసింది.

బాబీ! మేనమామ కొడుకు. వైశాఖంలో మెళ్ళో తాళి కట్టబోయేవాడు. పార్కు హోటలుకి చేపలేసేది అతనే. వెనక గేటు తాళం అతని దగ్గరే ఉంటుంది.

"బావా! వెనక గేటుకి పడవ తీసుకురా. అర్జెంటు!"



"వస్తన్నాను... మామ్మ ఇంకా నీతోనే ఉన్నాదా?"

"ఉంది. తొందరగా రా!"

కట్ చేసింది. గుండె కాస్త కుదుటపడింది. బావ వస్తున్నాడు. చాలు.

వాకీటాకీ మళ్ళీ గుర్రుమంది.

"ఐస్‌క్రీమ్ కొట్ల వెనక సందు. గేటు వైపు వెళుతున్నారు."



ఎలా? రెండూ కోసేసింది కదా!

బటన్ నొక్కింది.

"సార్! ఆవిడ లీడర్ కాదు! చెప్పులకి కాపలా కూర్చుంది, అంతే! ఒట్టు సార్!"

"డేటా అబద్ధం చెప్పదమ్మా." మురళీమోహన్ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నువ్వే చూపించావు కదా." ఆ తర్వాత తుపాకీ గార్డుకి, "జోగయ్యా, నువ్వు గేటు బయట సరుగుడు తోటలో ఉండు. లోపల దొరికితే మనవాళ్ళు నీళ్ళలో తోసేస్తారు. బ్యాండ్ గేటు దాటిందా... చూడక్కర్లేదు. కాల్చెయ్."

ఏ బ్యాండ్? ఇంకా ఏ బ్యాండ్?

బుల్లమ్మ అంతా విన్నది. సంచిని గుండెకి హత్తుకుంది.

నీలవేణి చూపు ఆ సంచి మీద పడింది.

"అందులో ఏముంది?"

"సెప్పులే. ఎవులివో మిగిలిపోనాయి. ఆలొచ్చి అడిగితే ఏటి సెప్పను? అందుకే బస్సెక్కనేదు."

లాక్కుంది. బోర్లించింది.

గోధుమరంగు తోలు చెప్పులు. కొత్తవి. విజయనగరం గంటస్తంభం దగ్గర బేరమాడి తనే కొన్నది. బాబీకి!

ఎడమ చెప్పు పట్టీలోకి దోపి... నల్లటి బ్యాండ్.

బ్యాండ్ బయటికి లాగింది.

బాబీ పొద్దున్నుంచీ పార్కులోనే తిరిగాడు. తనకి చల్లటి జిగర్తండా కొనిపెట్టాడు. అతని చుక్క మాత్రం తిరగలేదు. అది అమ్మమ్మ దగ్గరే కూర్చుంది! వాళ్ళు ఇప్పుడు వెంటాడుతున్నది ఈ చుక్కనే!

కిందటి వారం అడిగాడు. 'ఆ బ్యాండ్లు ఏటి సూస్తాయే నీలా?' ముద్దుగా అడిగాడు. ముద్దుగానే చెప్పేసింది. 'మొహాలు చూడవు బావా. ఎవరి దగ్గరికి ఎక్కువమంది వెళతారో చూస్తాయి.'

"అమ్మమ్మా... నిన్ను అక్కడ కూర్చోమన్నదెవరు?"

"బాబీగాడే. నువ్వు రైడులెక్కలేవు మామ్మా, సెప్పులు సూసుకో అన్నాడు. అందరికీ ఆడే సెప్పాడు, మీ సామాన్లన్నీ మామ్మకాడ ఎట్టీండని."

నీలవేణికి ఏడుపు రాలేదు. బ్యాండ్‌ని పిడికిట్లో బిగించింది.

గేటు కిర్రుమంది.

బాబీ! చేతిలో తాళాలు. ఒంటి మీద తడిసిన చొక్కా. కాళ్ళకి చెప్పుల్లేవు.

"నీలా! రా!"

"ఊరిని వెనక నుంచి నడిపిస్తున్నది నువ్వేనా బావా?"

అతను ఆమె చేతిలోని బ్యాండ్ చూశాడు. దాచడం అనవసరమనుకున్నాడేమో.

"నానే. నన్ను పట్టుకుంటే ఊరు పోతాది. అర్తం సేసుకో."

"అమ్మమ్మని చంపుతారని తెలుసా నీకు?"

"దానికి డెబ్బయ్యేళ్ళు!" పళ్ళ బిగువున అన్నాడు. "రేపు దాని సవం సూస్తే ఊరంతా ఒక్కటైపోతాది. ఇంకెవుడూ సంతకం ఎట్టడు. నువ్వు రా. నీకోసమే వచ్చాను."

నీలవేణి అతని మొహంలోకి చూసింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మొహం. ఇప్పుడు ఎవరిదో!

"నేను రాను."

"పిచ్చేటి నీకు?"

"రాను! నువ్వు తాకితే ఒళ్ళు కంపరమెత్తుతుంది!"

బూట్ల చప్పుడు దగ్గరైంది. బాబీ వెనక్కి అడుగేశాడు.

అప్పుడు కదిలింది బుల్లమ్మ. నీలవేణి పిడికిలి విప్పి బ్యాండ్ తీసుకుంది. వంగి, నేల మీది చెప్పులు ఏరింది. సంచిలో వేసింది. మూతి ముడి బిగించింది. కొడుకు పోయాక తన చేతుల మీద పెంచిన మనవడి దగ్గరికి నడిచింది.

"ఎల్లిపో నాయినా. నీ సెప్పులు తీసుకో. నా సవం పక్కన నీ సెప్పులుంటే బాగోదు."

బాబీ ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. సంచి లాక్కున్నాడు. గేటు మూశాడు. తాళం వేశాడు!

సరుగుడు చెట్ల చీకట్లో కలిసిపోయాడు.

వాకీటాకీ అరిచింది.

"గేటు దాటింది! జోగయ్యా, నీకు ఎడమవైపు! రేవు దిక్కుకి! పరిగెడుతోంది!"

నీలవేణి చటుక్కున అమ్మమ్మ చేతుల వైపు చూసింది. రెండు అరచేతులూ ఖాళీ!

"అమ్మమ్మా... బ్యాండేదీ?"

"ఆడిదే కదే. ఆడికిచ్చేసాను."

అరవాలనుకుంది. బావా, ఆ సంచి పారెయ్ అని అరవాలి! నోరు తెరిచింది...

గొంతు పెగల్లేదు. తనే పెగల్చలేదో!

ఢాం!

తోటలో కాకులు గోలగా లేచాయి.

"పడింది సార్." జోగయ్య గొంతు. దగ్గరికెళ్ళి టార్చి వేశాడేమో... "సార్... ఇది ముసల్ది కాదు సార్. ఎవడో కుర్రాడు!"

బుల్లమ్మ గేటు ఊచలు పట్టుకుని కూలబడింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

"ఏసుకోనేదే ఆడు," అంది. "సంచి ఇప్పితే బ్యాండ్ అగుపడీది. సెప్పులు సేత్తో అట్టుకునే పరిగెట్టాడే!"