తరుగు తీసిన జీతం

"పదిహేను వేలా! ఎవర్ని అడిగి ఒప్పుకున్నవ్?"

మామగారు విశ్వేశ్వర్ గొంతుకు ఊయలలోని ఎనిమిది నెలల వర్ష ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. సోమవారం దేవిక సూర్యాపేట బ్యాంకులో తిరిగి ఉద్యోగంలో చేరాలి! పాపను చూసుకుంటూ మిర్యాలగూడలోని ఈ ఇంట్లోనే ఉండటానికి త్రిపురారం దగ్గరి తండా నుంచి వచ్చిన చాందీకి, నెలకు పదిహేను వేలని మాటిచ్చింది తనే. మొదటి నెల నిండింది. ఇప్పుడు మామగారు చాందీ చేతిలో పెట్టింది తొమ్మిది వేలు!

"మిగతాది తరుగు," అన్నాడాయన, తన మిల్లుకు వడ్లు తెచ్చిన రైతుకు చెప్పినంత తేలిగ్గా. తేమకని, తాలుకని బస్తా బస్తాకూ కోత పెట్టడం అలవాటైన చెయ్యి అది. "పాప పండుకున్నంత సేపు ఈమెకేం పని? గా టైముకు పైసలెందుకియ్యాలె?"

ఎంత మాట! పసిపిల్ల నిద్ర కూడా తాలు గింజల్లో కలిసిపోయిందా ఈ ఇంట్లో!

"నిద్రలో ఉలిక్కిపడితే ఎత్తుకునేది చాందీయే కదండీ మామయ్యా! పక్కనుంచి కదలకుండా కూర్చోవడం పని కాదా?" దేవిక కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కోదాడల మీ తల్లిగారోళ్లు మాటలు బాగనే నేర్పిన్రు!" అత్తగారు చంద్రకళ వంటగదిలోంచి విసురుగా వచ్చింది. "నేను ముగ్గుర్ని పెంచిన. నాకెవరిచ్చిన్రు జీతం? నీ కొలువు కోసం ఇల్లు గుల్ల చేస్తవా?"

భర్త వంశీధర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరో ఒకరి పక్షాన మాట్లాడాల్సి వస్తుందని భయం కాబోలు, ఆ మహానుభావుడికి!

చాందీ డబ్బు బల్లమీద పెట్టేసి సంచి భుజానికి తగిలించుకుంది. "నేను పోత అమ్మా. బిడ్డ మంచిది... పండుకున్నప్పుడు గూడ నా చెయ్యి ఇడ్వదు."

వర్ష వెక్కుతూ ఆమె వైపే చేతులు చాచింది. దేవిక ఇక తట్టుకోలేకపోయింది.

"ఉద్యోగమే మానేస్తాను! నేనే చూసుకుంటాను నా బిడ్డని... అప్పుడు మీకు ఖర్చే ఉండదు!" అంటూ భోరుమంది.

"గదే మంచిది," అన్నాడు విశ్వేశ్వర్ స్థిమితంగా, భోజనానికి కూర్చుంటూ. "ఇంట్ల ఆడోళ్లు చేసేదానికి లెక్కేంది? పిల్లలు వాళ్లంతట వాళ్లే పెరుగుతరు. మనోళ్లు పెరగలే?"

చంద్రకళ ముఖం నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయింది.

"వాళ్లంతట వాళ్లే పెరిగిన్రా?" ఆమె భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. "వంశీకి కామెర్లయితే దవాఖానల గోడకు ఒరిగి కూసున్న... వాడు పండుకునే ఉండె. గదంత తరుగేనా?"

"పాత ముచ్చట్లెందుకిప్పుడు? అన్నం పెట్టు."

చంద్రకళ కంచం నిండా అన్నం పెట్టింది. ఆయన చెయ్యి పెట్టబోతుంటే గరిటెతో ముప్పాతిక వంతు తిరిగి గిన్నెలో వేసేసింది!

"ఏందిది?"

"తరుగు. అన్నం ఉడుకుతుంటే నేను ఊకెనే నిలబడ్డ కద!"

విశ్వేశ్వర్ కంచం వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. చొక్కా జేబులోంచి కోత పెట్టిన ఆరు వేలు తీశాడు. చంద్రకళ అవి లాక్కుని, బల్లమీదివి కూడా కలిపి చాందీ చేతిలో పెట్టి, ఆమె భుజం మీది సంచి దింపింది.

"అత్తయ్యా..." దేవిక ఆమె వైపు అడుగు వేసింది.

"నీ కోసం గాదు!" కసిరింది చంద్రకళ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "సోమారం బస్సు అందుకో, పో!"

గరిటె గిన్నెలో వదిలేసి ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట విశ్వేశ్వర్ మిగతా అన్నం తనే వడ్డించుకున్నాడు.