ఏడో నంబరు ఖాళీ బిళ్ళ

ఆదోని దాటి ఎమ్మిగనూరు దారి పట్టినాక, ఎడమ పక్కన ఒక నూలు మిల్లు ఉండేది. ఆ మిల్లులో రాత్రిపూట ఎవరూ తొక్కని గది ఒకటుంది... ప్లానింగు రూము. ఏ మిషను ఏ షిఫ్టులో ఏ నూలుకు నడవాలో రాసిపెట్టే గది అది.

మూడో షిఫ్టు వాళ్ళు టీ తాగడానికి ఆ గది వరండా మీదుగా పోతే క్యాంటీను రెండు నిమిషాలు. కానీ పోరు. దూది బేళ్ళ గోడౌను చుట్టూ, చీకట్లో, రాళ్ళు తగిలించుకుంటూ పోతారు. వాన కొడుతున్నా అంతే. కొత్తగా చేరినవాడెవడైనా తెలియక వరండా ఎక్కబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతారు.

"ఆడ లక్ష్మప్ప ఉండాడు" అంటారు. అంతే. ఇంకేమీ చెప్పరు.

లక్ష్మప్ప చచ్చిపోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

ఈ సంగతి నాకు చెప్పినవాడు ఉస్మాన్ సాబ్. లక్ష్మప్ప తర్వాత ఆ గదిలో కూర్చున్న మనిషి. ఆయన దెయ్యాల మాటలు నమ్మే రకం కాదు. అందుకే ఆయన చెప్తుంటే నాకు ఇంకా భయమేసింది.

ముందు లక్ష్మప్ప సంగతి చెప్పాలి.

ఆయన కాలంలో గోడకు ఒక పెద్ద చెక్క బోర్డు ఉండేది. బోర్డు నిండా మేకులు. దూది ఏకే మిషన్లు పద్నాలుగు— వాటిని కార్డింగు మిషన్లు అంటారు— ఒక్కోదానికి ఒక్కో వరస. వారానికి ఇరవయ్యొక్క షిఫ్టులు. ఏ మేకుకు ఏ రంగు రేకు బిళ్ళ తగిలిస్తే ఆ షిఫ్టులో ఆ నూలు. ప్రతి వరసలో ఒక మేకుకు మాత్రం రంగు లేని బిళ్ళ తగిలించేవాడు. ఖాళీ బిళ్ళ. ఆ ఎనిమిది గంటలు మిషను నిలిపి, దుమ్ము దులిపి, బేరింగులకు గ్రీజు పెట్టాలి. దాని జోలికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

డెబ్బై ఎనిమిదిలో పెద్ద ఆర్డరు వచ్చింది. ఖాళీలు నింపమన్నారు పైవాళ్ళు. లక్ష్మప్ప కాదన్నాడు. రెండోసారి అడిగినారు. మూడోసారి అడగలేదు, చెప్పినారు. ఆయన ఖాళీ బిళ్ళలన్నీ తీసి రంగు బిళ్ళలు తగిలించినాడు.

తొమ్మిదో రాత్రి ఏడో నంబరు అంటుకుంది. లోపల చిక్కుకున్న దూది తీస్తున్న ఏసన్న బయటికి రాలేకపోయినాడు.

ఇరవై రోజుల తర్వాత, పొద్దున గది ఊడ్చడానికి పోయినవాళ్ళకు లక్ష్మప్ప కుర్చీలో కనిపించినాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బోర్డు వైపే చూస్తున్నాయి. ఎప్పుడు ప్రాణం పోయిందో...

ఆ తర్వాత మొదలైంది.

ఎప్పుడైనా పని తొందర పెరిగి ఆ ఎనిమిది గంటల క్లీనింగు సెలవు ఎత్తేస్తే— ఆ వారం రాత్రి ఆ గదిలో శబ్దం వచ్చేది. ట...క్. మేకు మీద రేకు పడిన శబ్దం. తెల్లారి చూస్తే ఏడో నంబరు వరసలో, చివరి మేకుకు, ఖాళీ బిళ్ళ వేలాడుతుండేది. తీసేస్తే మర్నాడు మళ్ళీ ఉండేది. నాలుగైదు సార్లు ఇట్లయినాక ఎవరూ తీయలేదు. ఏడో నంబరుకు సెలవు సెలవే.

ఎనభై ఏడులో మిల్లుకు కంప్యూటర్ వచ్చింది.

బెంగళూరు నుంచి ఇంజనీరొచ్చి, ప్లానింగు రూములోనే బల్ల మీద పెట్టి, ఉస్మాన్ సాబ్‌కు నేర్పించి పోయినాడు. నల్లటి గాజు తెర, పచ్చటి అక్షరాలు. ఆర్డర్లు చెప్తే మిషన్లకు అదే పంచుతుంది. పని ఏ తేదీకి ముగుస్తుందో అదే చెప్తుంది. బోర్డు మీది బిళ్ళలన్నీ పీకి గోనెసంచిలో వేసినారు. ఉత్త మేకులు మిగిలినాయి.

"పీడ పోయిందప్పా" అన్నాడు మేనేజరు. "ఇంగ బిళ్ళలు లేవు, దెయ్యమూ లేదు."

ఆ ఆగస్టులో ఎమ్మిగనూరు నేతగాళ్ళకు నూలు నెలాఖరుకల్లా అందియ్యాల్సి వచ్చింది. ఉస్మాన్ సాబ్ లెక్క వేయిస్తే కంప్యూటర్ సెప్టెంబరు రెండు అని చూపించింది. మేనేజరు తెర మీదికి వంగి చూసినాడు. ప్రతి మిషను ఎదురుగా క్లీనింగు గంటలు— ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది.

"ఇవి సున్న చెయ్యి."

ఉస్మాన్ సాబ్ మీటల మీద చెయ్యి పెట్టినాడు. తర్వాత ఒక్కోటీ కొట్టుకుంటూ పోయినాడు. పద్నాలుగు సున్నలు. తేదీ ఆగస్టు ముప్పై ఒకటికి జరిగింది.

"అంత సులువుగా అయిపోయింది" అన్నాడు ఉస్మాన్ సాబ్ నాతో. "బిళ్ళ తీసేటప్పుడు చేతికి బరువు తెలుస్తాది. సున్నకు ఏం బరువుంటాది?"

రెండు వారాలు గడిచినాయి. ఒక రాత్రి పదిన్నరకు, షిఫ్టుకు పోతూ దావీదు ప్లానింగు రూము గుమ్మం ముందు నిలబడినాడు. ఇరవై ఏళ్ళవాడు. కాలిపోయిన ఏసన్న కొడుకు. ఇప్పుడు ఏడో నంబరు మీద పని వాడిదే. లోపలికి అడుగు పెట్టలేదు.

"సాబ్, ఏడో నంబరు బేరింగు కాగుతాంది. నిన్న చెయ్యి పెడితే బొబ్బ లేసింది. ఒక్క షిఫ్టు నిలపండి."

"పది దినాలు ఓర్సుకో అప్పా. కంప్యూటర్ లెక్క అది, నాది కాదు."

దావీదు లోపలికి, ఆ పెట్టె వైపు చూసినాడు.

"ఆడ నిలబడేది నేనని దానికి తెల్సునా సాబ్?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయినాడు.

వచ్చే వారం షెడ్యూలు కాగితాలు తెల్లారి ఆరుకల్లా మిషన్ల దగ్గర ఉండాలి. అందుకని ఆ రాత్రి ఉస్మాన్ సాబ్ ఒక్కడే కూర్చున్నాడు. ఉక్క. వెనక కిటికీ తెరిచిపెట్టుకున్నాడు. తెర ఆయన ముందుంది. బోర్డు వీపు వెనక, కిటికీ పక్కన. రెండుసార్లు కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. దూరంగా మిషన్ల హోరు... ఆగకుండా.

ఒంటిగంట దాటింది.

ట...క్.

వేళ్ళు మీటల మీద అట్లే నిలిచిపోయినాయి. మెల్లగా తల తిప్పినాడు.

ఉత్త మేకుల బోర్డు మీద... ఏడో వరసలో... చివరి మేకుకు... ఒక ఖాళీ బిళ్ళ. ఇంకా ఊగుతోంది.

గదిలో ఎవరూ లేరు.

లేచినాడు. పోయి బిళ్ళ తీసినాడు. చల్లగా ఉంది. సొరుగులో పడేసి తాళం వేసినాడు. మళ్ళీ కూర్చున్నాడు. వెనక్కి చూడకూడదనుకున్నాడు. కానీ తెర గాజులో వెనక గది అంతా మసగ్గా కనిపిస్తోంది— గోడ, బోర్డు, నల్లటి కిటికీ.

ఆ కిటికీ నలుపులోంచి, గాలిలో, ఏ ఆధారమూ లేకుండా... ఒక రేకు బిళ్ళ తేలుకుంటూ వస్తోంది.

మెల్లగా వచ్చింది. మేకు దగ్గర ఆగింది. తడుముకుంది.

ట...క్.

"నింపొద్దప్పా..."

గుసగుస. ఆడ గొంతో మగ గొంతో తెలియదు.

"నింపొద్దు... మళ్ళా నింపొద్దు..."

ఉస్మాన్ సాబ్ ఎప్పుడు లేచినాడో, ఎట్లా వరండా దిగినాడో ఆయనకే తెలియదు. పరుగు. గేటు వైపు పోవాల్సిన కాళ్ళు కార్డింగు హాలు వైపు పోయినాయి. లోపల హోరు, దుమ్ము. షిఫ్టు మేస్త్రీ తిక్కయ్య ఎదురొచ్చినాడు.

"ఏడో నంబరు నిలుపు!"

"ఎవురు సెప్పినారు? కాగితం ఏది?" అన్నాడు తిక్కయ్య. "నా ఉద్యోగం తీపిస్తావా ఉస్మానూ?"

ఉస్మాన్ సాబ్ జేబులోంచి ఆ వారం షెడ్యూలు తీసినాడు. ఏడో నంబరు వరస మీద అడ్డంగా గీత కొట్టి, నిలపమని రాసి, కింద సంతకం పెట్టినాడు.

"నీ ఉద్యోగం కాదు, నాది. నిలుపు!"

మిషను మూలిగి... మూలిగి... ఆగింది. దాని కింద వంగి దూది లాగుతున్న దావీదు అర్థం కాక బయటికి వచ్చినాడు. తిక్కయ్య పక్క మూత విప్పినాడు.

లోపలి దూది నల్లగా మాడి ఉంది. దారమంత పొగ. గాలి తగలగానే ఆ నలుపులో ఎర్రటి గీతలు పాకినాయి.

"ఇసక!" అని అరిచినాడు తిక్కయ్య.

నాలుగు బకెట్ల ఇసక పోసినాక గాని ఆరలేదు. దావీదు తాను అప్పటిదాకా వంగి ఉన్న చోటునే చూస్తూ నిలబడినాడు. ఇంకో పావుగంట అయ్యుంటే...

తెల్లవారుతుండగా ఉస్మాన్ సాబ్ గదికి తిరిగి వచ్చినాడు. సున్నలు తీసేసి మళ్ళీ ఎనిమిదులు పెడదామని. ఏడో నంబరు వరసకు పోయి చూస్తే, అక్కడ అప్పటికే ఎనిమిది ఉంది.

అప్పుడే వెనక కిటికీ కింద ఏదో కదిలింది.

ఈసారి పరిగెత్తలేదు. గది చుట్టూ తిరిగి వెనక్కి పోయినాడు. అక్కడ ఒక ఆడమనిషి వంగి, నేల మీద పడున్న పొడుగాటి దోటికర్ర ఎత్తుకుంటోంది. సన్నటి కర్ర, మసి పూసినట్టు నల్లగా. కొసకు కొక్కెం.

మేరి. ఏసన్న పెండ్లాం. దావీదు తల్లి. మిల్లు లైన్లలో— పనివాళ్ళ ఇళ్ళ వరసలవి— ఆ గోడ వెనకే ఆమె ఇల్లు.

"నువ్వా?" అన్నాడు.

ఆమె పారిపోలేదు. కర్ర పట్టుకుని అట్లే నిలబడింది.

"లక్ష్మప్ప సావక ముందు మా ఇంటికొచ్చినాడు సాబూ. ఏమీ మాట్లాడలే. గుమ్మంలో ఒక మూట పెట్టి, దండం పెట్టి పోయినాడు. ఇప్పి సూస్తే ఆ ఖాళీ బిళ్ళలు."

"తొమ్మిదేండ్ల నుంచి నువ్వేనా?"

"ఆ మిషను కాడ ఇంగొకడు కాలకూడదనుకుంటి. లైన్లలో సెలవు ల్యాదని ఇన్యానంటే, రాత్రికి ఒక బిళ్ళ తగిలిస్తాంటి. ఈసారి లెక్క పెట్టెలో ఉండె, నా కొడుకు చేతికి బొబ్బ లేసినాక గాని నాకు తెలియలే. ఇప్పుడు ఆడ నా కొడుకే నిలబడినాడు."

"వచ్చి చెప్పొచ్చు కదా, మేరీ!"

"మనిషి సెప్తే ఎవురింటారు సాబూ? నా కొడుకు రేత్రి సెప్పినాడు. ఇన్యారా?"

ఉస్మాన్ సాబ్ తల దించుకున్నాడు. తర్వాత అడిగినాడు.

"కంప్యూటర్లో ఎనిమిది కూడా నువ్వే కొట్టినావా?"

"ఏ ఎనిమిది?" అంది ఆమె. "కిటికీ కమ్మీల సందున కర్ర పడుతుంది గానీ నేను పడ్తానా? ఆ పెట్టెను ఇంతవరకు కండ్లతో సూడలే."

తొమ్మిదింటికి మేనేజరు వచ్చి ముందు కేకలేసినాడు. తిక్కయ్య మాడిన దూదిని తట్టలో తెచ్చి ముందు పెట్టినాక గమ్మునైనాడు. నూలు రెండో తేదీనే పోయింది. ఎమ్మిగనూరోళ్ళు ఒక్క మాట అనలేదు.

మేరి సంగతి ఉస్మాన్ సాబ్ మిల్లులో ఎవరికీ చెప్పలేదు. తక్కిన ముచ్చట మాత్రం, వారం తర్వాత బెంగళూరు ఇంజనీరు వచ్చినప్పుడు అడిగినాడు. మిల్లులోని మనుషుల్లో కంప్యూటర్ తెలిసినవాడు తానొక్కడే. ఆ సమయంలో తానూ గదిలో లేడు, హాలులో ఉన్నాడు. మరి అంకె ఎట్లా మారింది?

ఇంజనీరు నవ్వినాడు.

"ఆ రాత్రి కరెంటు పోయిందా?"

"రెండుసార్లు. రెప్పపాటు."

"అదే మరి! కరెంటు పోతే కొత్తగా కొట్టిన అంకెలు చెరిగిపోయి పాతవి వచ్చేస్తాయి సాబ్. మీరు సున్న పెట్టకముందు ఎనిమిదేగా ఉండింది? అదే తిరిగి వచ్చింది. ఇందులో భయపడాల్సిందేమీ లేదు."

ఉస్మాన్ సాబ్ తెర మీది వరసలు ఒక్కోటీ లెక్కపెట్టినాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అట్లయితే పద్నాలుగు మిషన్లకూ ఎనిమిది రావాల కదప్పా..."

"వస్తాయి. అన్నిటికీ వస్తాయి."

"రాలేదు. పదమూడింటికి నేను పెట్టిన సున్నలు అట్లే ఉండినాయి. వాటిని తెల్లారి నా చేత్తో నేనే మార్చినా. ఎనిమిది వచ్చింది ఒక్క ఏడో నంబరుకే."

ఇంజనీరు నవ్వు ఆగిపోయింది. మీటల మీద ఉన్న చెయ్యిని... మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.