బంతాటగాడికి వెండి గ్లాసు

ఉదయం ఏడింటికే వంటింట్లోంచి గారెల వాసన వచ్చేసరికి సత్యశ్రీకి అనుమానం వేసింది. పండగ కాదు, పబ్బం కాదు. మొన్న బర్మావాళ్ళ కొత్త సంవత్సరం, తింజాన్ పండక్కి కూడా రంగూన్‌లో ఎవరూ నీళ్ళు చల్లుకోలేదు. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కిన దగ్గర్నుంచి బోటాటౌంగ్ పేటలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో పప్పుచారే పరమాన్నం. అలాంటిది ఇవాళ మినప్పప్పు నానబెట్టి, రుబ్బి, గారెలు!

వంటింట్లో తల్లి సూర్యావతి పీట మీద కూచుని వెండి గ్లాసు విబూదితో తోముతోంది. ఆ ఇంట్లో ఉన్న వెండి అంతా కలిపి ఆ ఒక్క గ్లాసే. ఏడాదికి ఒకటి రెండుసార్లు దేవుడి గూట్లోంచి దిగుతుంది, అదీ దేవుడి పని మీదే.

“ఎవరొస్తన్నారమ్మా?”

“మీ నాన్ననడుగు,” అంది సూర్యావతి తల ఎత్తకుండా. ఏదైనా దాస్తున్నప్పుడు ఆవిడ అలాగే తల ఎత్తదు.

తండ్రి బలరాం రేవులో గుమాస్తా. రేవు సమ్మెలో ఉంది కాబట్టి రెండు నెలలుగా బనీనుతో ఇంట్లోనే తిరుగుతున్నాడు. ఇవాళ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త లుంగీ కట్టుకుని, అద్దం ముందు నిలబడి ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుంటున్నాడు.

“ఊ లామార్‌ని భోజనానికి పిలిచేనమ్మా. పదకొండుకల్లా వచ్చెస్తారు,” అన్నాడు అద్దంతో చెబుతున్నట్టు.

ఊ లామార్! మనం పేరు వెనక ‘గారు’ తగిలించినట్టు బర్మావాళ్ళు పెద్దమనుషుల పేరు ముందు ‘ఊ’ పెడతారు. రెండేళ్ళ కిందట ఇదే నోరు ఆ మనిషిని ‘బంతాటగాడు’ అంది. అన్నవాటిలో కాస్త మర్యాదైన మాట అదే. మిగతావి చెప్పుకుంటే నోరు కడుక్కోవాలి.

లామార్ అమెరికావాడు, నల్లవాడు, ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. దేశదేశాల జట్ల తరఫున బాస్కెట్‌బాల్ ఆడడం అతని బతుకుతెరువు. సొంత దేశంలో పెద్ద జట్లలో చోటు దొరకనివాళ్ళు అలా ఊళ్ళు పట్టుకుని తిరుగుతారు. సైప్రస్, లెబనాన్, ఉరుగ్వే, మంగోలియా... పదమూడేళ్ళలో తొమ్మిది దేశాలు తిరిగి, చివరికి ఒక క్లబ్బు పిలిస్తే రంగూన్ వచ్చాడు. ఆ క్లబ్బులో ఆటగాళ్ళ కీళ్ళూ కండరాలూ చూసే ఫిజియో సత్యశ్రీ. అతని కుడి మోకాలు అప్పటికే సగం అరిగిపోయింది. రోజూ దానికి పట్టీ వేస్తూ, వ్యాయామం చేయిస్తూ ఆమె అతన్ని ఇష్టపడింది. దొంగచాటు వ్యవహారం ఆమెకు నచ్చదు కనక నేరుగా ఇంటికే తీసుకొచ్చింది.

ఇంకేముంది, ఇల్లు ఇల్లులా లేదు. అతను గడప దాటి వెళ్ళాడో లేదో సూర్యావతి అతను తాగిన టీ గ్లాసుని వంటింటి కిటికీలోంచి వెనక సందులో చెత్త మీదికి విసిరేసింది. అతను కూచున్న కుర్చీని పసుపునీళ్ళతో కడిగింది. మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజున సత్యశ్రీ తల వంచింది. పెళ్ళి కుదరదని అతనికి తనే చెప్పింది. అతను సరేనన్నాడు, ఆ తర్వాత మోకాలి గురించి తప్ప మరో మాట ఎత్తలేదు. ఇష్టం మాత్రం ఇద్దరిలోనూ ఎక్కడికీ పోలేదు.

“ఎందుకు పిలిచేవు నాన్నా?”

బలరాం దువ్వెన కింద పెట్టాడు. “శనివారం ఇమానం ఉందంట, సియోల్‌కి. ఆయన ఎల్లిపోతన్నారు. అక్కణ్ణుంచి మెక్సికో. అక్కడెవరో జట్టువాళ్ళు రమ్మన్నారంట.”

“నాకు తెలుసు. అయితే?”

“పెళ్ళాం అని కాయితం ఉంటే నిన్ను కూడా తీసికెల్లచ్చేమో అని...”

ఆ మాటతో సత్యశ్రీకి సంగతంతా అర్థమైంది. మూడు రోజుల కిందట వార్డు ఆఫీసు నుంచి ఒకడు వచ్చాడు. “మీ అమ్మాయి వారానికి మూడుసార్లు సంచీ పట్టుకుని తన్లిన్ బస్సు ఎక్కుతోందట, ఎక్కడికి?” అని నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు చూసే బలరాం సగం చచ్చాడు. నది అవతల తన్లిన్‌లో, ఒకావిడ ఇంటి వెనక గదిలో, ఊరేగింపుల్లో కాళ్ళకి తూటాలు తగిలిన కుర్రాళ్ళు నలుగురు ఉన్నారు. ఆస్పత్రికి వెళ్తే పట్టుకుపోతారు. సంచీలో పట్టీలూ మందులూ పట్టుకెళ్ళి, వాళ్ళకి మళ్ళీ నడక నేర్పుతోంది సత్యశ్రీ.

“రెండేళ్ళ కిందట నాకు ఆయన కావాలన్నాను. అప్పుడు ఏటన్నారు మీరు?”

“అప్పుడు సంగతి వేరే!” వంటింట్లోంచి జల్లిగరిటె పట్టుకునే వచ్చింది సూర్యావతి. “ఇప్పుడు నీ పేనం మీదికొచ్చింది. పేనం కన్నా ఎక్కువేటే ఏదైనా?”

“అప్పుడు పనికిరాని మనిషి ఇప్పుడు పనికొచ్చేడన్నమాట.”

“ఒలే, నోరు ముయ్యి. వచ్చే వేళయింది,” అని సూర్యావతి నూనె దగ్గరికి పరిగెత్తింది. సత్యశ్రీ ఆ గారెల వాసన పీల్చబుద్ధి కాక కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద వీధి మొగలో సైనికులు ఎవరినో ఆపి సంచీ బోర్లించి చూస్తున్నారు. ఇంట్లో ఇలా, బయట అలా. మొహం తిప్పుకోవడానికి కూడా ఆమెకు చోటు దొరకలేదు.

పదకొండు గంటలకి లామార్ వచ్చాడు. నిటారుగా ఉండే ఆ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, గుమ్మం దగ్గర తల వంచి, చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. క్లబ్బు మేనేజరు ఆటస్థలానికి తాళం వేసి మాయమైపోయిన దగ్గర్నుంచి పబేడాన్ పేటలో ఒక ఇరుకు గదిలో ఉంటున్నాడు. మనిషి చిక్కాడు.

“రండి రండి, ఊ లామార్!” బలరాం రెండు చేతులూ పట్టుకుని కుర్చీలో కూచోబెట్టాడు. అదే కుర్చీ. సూర్యావతి వెండి గ్లాసులో మంచినీళ్ళు తెచ్చి, రెండు చేతులతో ఇచ్చింది. అరిటాకు వేసి గారెలు వడ్డించింది. ఒకటి తినేలోగా రెండు వేసింది. అతను చాలంటే బలరాం కుదరదంటూ, బలరాం ఆగితే సూర్యావతి బతిమాలుతూ, ఇద్దరూ కలిసి అతన్ని ఉక్కిరిబిక్కిరి చేశారు. సంతలో ఎద్దుని కొనేవాడు వీపు నిమిరినట్టుంది ఆ మర్యాద. తన కన్నవాళ్ళ మొహాల మీద ఆ పళ్ళికిలింపు చూస్తూ, గోడకి ఆనుకుని నిలబడింది సత్యశ్రీ. వాళ్ళని చూస్తే రోత పుట్టింది. వాళ్ళ కడుపున పుట్టినందుకు తన మీద కూడా కాస్త రోత పుట్టింది.

చేతులు కడుక్కున్నాక బలరాం గొంతు సవరించుకున్నాడు. బర్మా భాషలో చెప్పుకొచ్చాడు: “మా అమ్మాయి మీకు తెలుసు. మంచి పిల్ల. మీరు ఎక్కడికి తీసుకెళ్ళినా మాకు అభ్యంతరం లేదు. మెక్సికో అయినా సరే, మరో చోటైనా సరే. ఇవాళే ఒక కాగితం మీద...”

లామార్‌కి బర్మా భాష కొద్దికొద్దిగా వచ్చు. రాని చోట ఇంగ్లీషు కలుపుతాడు.

“కాగితం మీద నేను సంతకం పెడతాను. ఆమె ప్రాణం కోసమైతే ఇప్పుడే పెడతాను. దానితో విమానం ఎక్కనిస్తారో లేదో నాకు తెలీదు, కనుక్కుంటాను,” అన్నాడు నెమ్మదిగా. “కానీ ఒక్క మాట. కొత్త జట్టులో చేరగానే ముందు డాక్టరొచ్చి నా మోకాలు వంచి చూస్తాడు. తర్వాత మేనేజరు ఎత్తు కొలుస్తాడు. మోకాలు బాగుంటే విందు. నొప్పి చేస్తే నా పెట్టె హోటలు బయట పెడతారు. సైప్రస్‌లో అలాగే పెట్టారు. పదమూడేళ్ళుగా నన్ను ఒకరు ఇంకొకరికి ఇస్తూనే ఉన్నారు. నాకు అలవాటైపోయింది. మీ అమ్మాయిని అలా ఇవ్వకండి. ముందు ఆమెను అడగండి.”

“అడిగేదేటి, దానికి మొదట్నుంచీ ఇష్టమే కదా!” అంది సూర్యావతి గబుక్కున, తెలుగులో.

సత్యశ్రీ ఇక ఆగలేదు.

“ఇష్టమే! ఆ ఇష్టాన్ని మీరు టీ గ్లాసుతో పాటు ఎనక సందులోకి ఇసిరేసేరు. కుర్చీ కడిగేరు. రంగు గురించి ఏమన్నావు నాన్నా? నీ రంగేటి? రేవులో తారు డబ్బా పక్కన నిలబడితే నిన్నెవరైనా పోల్చగలరా? అమ్మా, బజార్లో నిన్నెవరో ‘కలామ’ అని ఈసడించేరని ఆ పూట నువ్వు అన్నం ముట్టలేదు కదా! ఇండియావాళ్ళంటే అంత అలుసా అని ఏడిచేవు కదా! మీరు ఈయన్నన్న మాటలు దానికన్నా తక్కువా? ఈయన మీకు మనిషిగా కనబడి పిలిచుంటే నేను ఈ గారెలు ఏరుకుని తిందును. నన్ను ఎలగో ఒకలాగ వదిలించుకోడానికి పిలిచేరు. ఛీ! నాకు మిమ్మల్ని చూస్తేనే అసయ్యమేస్తంది.”

బలరాం కొత్త లుంగీ మడత సవరించుకుంటూ ఉండిపోయాడు. లామార్‌కి ఆ తెలుగు మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. లేచి, సత్యశ్రీ వైపు ఒకసారి చూసి, పెద్దవాళ్ళిద్దరికీ తల వంచి నమస్కారం పెట్టి బయటికి నడిచాడు.

సూర్యావతి చటుక్కున లేచి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా మెట్లు దిగింది. ఆపడానికి వెనకే పరిగెత్తిన సత్యశ్రీ పై మెట్టు మీదే ఆగిపోయింది.

కిందికి దిగడమంటే ఆ మోకాలికి మరీ కష్టం. లామార్ రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూచుని కాలు రాసుకుంటున్నాడు. ఆ మెట్ల మీద పాన్ ఉమ్ములూ, పిల్లుల కంపూ. సూర్యావతి పొద్దున్నే మడిగా కట్టుకున్న చీరతో వెళ్ళి అతని పక్కన అదే మెట్టు మీద కూచుంది.

“బాబూ, ఆ రోజు నువ్వెళ్ళాక నేను...” అని బర్మా భాషలో మొదలెట్టింది.

“నాకు తెలుసు,” అన్నాడు లామార్. “గొడుగు మరిచిపోయి మళ్ళీ పైకొచ్చాను. తలుపు తీసే ఉంది. గ్లాసు విసరడం చూశాను. గొడుగు లేకుండానే వెళ్ళిపోయాను.”

“ఈ సంగతి సత్యకి చెప్పలేదా?” అంది సూర్యావతి.

“ఆవిడ తల్లి గురించి ఆవిడకి చాడీలు చెప్పనా?”

“అన్నీ తెలిసి ఇవాళ ఎందుకొచ్చావు?”

“మీరు పిలిచారు కదా,” అన్నాడతను. దెప్పుతున్నట్టు లేదు. “ఎందుకు పిలిచారో వచ్చేదాకా తెలీలేదు. ఇన్నాళ్ళకి మనసు మారిందేమో అనుకున్నాను.”

సూర్యావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. ఇంట్లో ఇద్దర్నీ గడగడలాడించే మనిషి, నలుగురూ తిరిగే మెట్ల మీద చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. “నా మీద నాకే రోతేస్తోంది బాబూ. నన్ను కలామ అన్నవాళ్ళని ఈ జన్మకి క్షమించను. నువ్వు నన్నెలా క్షమిస్తావు?”

అతను మోకాలు రాసుకోవడం ఆపాడు. క్షమించానని అనడం అంత తేలిక కాదు. “ఈ దేశం కుదుటపడ్డాక నేను మళ్ళీ వస్తాను. అప్పుడు మీ అమ్మాయిని ఇమ్మని అడిగితే ఏమంటారు?” అన్నాడు.

“నన్నడక్కు, దాన్నడుగు. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను దాన్ని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడే వెళ్ళి అడుగుతాను. నువ్వు కదలకు,” అని సూర్యావతి గోడ పట్టుకుని లేచింది.

పైకి వచ్చేసరికి కూతురు అక్కడే మెట్టు మీద కూచుని ఉంది. మొహమంతా తడి. సూర్యావతి ఎదురుగా నిలబడింది.

“నీకేటి కావాలే, సత్యా?”

సత్యశ్రీ తలెత్తి చూసింది. అంత చిన్న మాట ఆ ఇంట్లో వినడం ఆమెకిదే మొదలు.

“ఆయన కావాలమ్మా. రెండేళ్ళుగా ఆయనే కావాలి. కానీ శనివారం నేనెల్లలేను. ఆ నలుగుర్లో చిన్నోడు నిన్న గోడ పట్టుకోకుండా మూడడుగులేసేడు. నాలుగో అడుక్కి పడిపోయేడు. ఇప్పుడు వదిలేసి పోతే ఇంక లెగడు.”

“నిన్ను పట్టుకుపోతేనో?”

సత్యశ్రీ అరచేత్తో మొహం తుడుచుకుంది. గుమ్మంలో బలరాం నిలబడి ఉన్నాడు, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుస్తూ.

“ఏవండీ, శనివారం మీరెల్లి ఆయన్ని ఇమానం దగ్గర దింపి రండి. కుర్రోడికి ఇక్కడ మనం తప్ప ఎవరున్నారు?” అంది సూర్యావతి. బలరాం సరేనని తలూపాడు.

అప్పుడు కూతురి పక్కన కూలబడింది సూర్యావతి. “మళ్ళీ తన్లిన్ ఎప్పుడే?”

“రేపు.”

“నేనూ వస్తాను. సంచీ నాకియ్యి. పైన తోటకూర కట్టలెట్టుకుంటే ముసిల్దాన్ని ఎవడాపుతాడు? ఆపితే, మా సెల్లి ఇంటికి పోతన్నానని సెప్తాను.”

“నీకు తన్లిన్‌లో సెల్లెలెక్కడిదమ్మా?”

“ఆ నలుగురు పిల్లల్నీ దాచిన మనిషుంది కదా,” అంది సూర్యావతి. “నా సెల్లెలు కాపోతే మరెవరే?”

సత్యశ్రీ తల్లి ఒళ్ళో మొహం దాచుకుని, పొద్దుట్నుంచీ బిగబట్టుకున్నదంతా ఏడ్చేసింది. కింది మలుపులో లామార్, సూర్యావతి కదలొద్దంది కనక, ఇంకా అలాగే కూచుని ఉన్నాడు.