ఎల్లయ్య ఆరో కోడి

దేవరయాంజాల్ దాటి శామీర్‌పేట వైపు వస్తుంటే, తారు రోడ్డు మీంచి మట్టిబాట దిగే చోట ఒక పాత కోళ్ల షెడ్డు ఉంది. పగలు చూస్తే ఏమీ లేదు. పగిలిన రేకులు, ముళ్లకంప, తుప్పు పట్టిన గేటు. చీకటి పడ్డాక మాత్రం... ఆ బాటలోకి బండి దింపమంటే నేను దింపేవాణ్ని కాదు. కంపెనీ క్యాబు నడపబట్టి ఏడేళ్లయింది, తుర్కపల్లి నుంచి మేడ్చల్ దాకా ప్రతి గుంతా నాకు తెలుసు. భయమని కాదు. టైర్ల మీద ప్రేమ.

ఆ షెడ్డుకు ఎల్లయ్య అనే ఆయన కాపలా ఉండేవాడట. లోపల ఐదు వేల ఫారం కోళ్లున్నా, ఆయన ప్రాణమంతా తన సొంత నాటుకోళ్ల మీదే. అవి ఆరు. ఒకరోజు పొద్దుగూకాక లెక్కపెడితే ఐదే ఉన్నాయి. ఆరోది ఎంత వెతికినా దొరకలేదు. ఆ తర్వాత బతికిన మూడేళ్లూ రోజూ రాత్రి నల్ల గొంగడి కప్పుకుని వాటిని లెక్కపెట్టడమే ఆయన పని.

పోయాక కూడా ఆ పని మానలేదని ఊళ్లో అంటారు.

పోయిన నవంబరులో ఆ మాట మరీ ముదిరింది. షెడ్డు వెనక ఎర్ర కన్ను ఒకటి కదులుతోందట... గొంగడి కింద ఎవరో వంగి ఉంటున్నారట... "ఐదున్నయి... ఆరోది యాడుంది?" అని గొణుగుతున్నారట. నేను విన్నది చెబుతున్నాను. ఇందులో సగం రోజారాణి చెప్పింది, మిగతా సగానికి నేనే సాక్షిని.

రోజారాణి తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. సెకండ్ షిఫ్టు. రాత్రి పదిన్నర దాటాక నా బండి దిగి, షెడ్డు పక్క నుంచి పది నిమిషాలు నడిస్తే ఇల్లు. భర్త కుమార్‌కు జీడిమెట్లలో నైట్ డ్యూటీ కాబట్టి ఎదురొచ్చేవాళ్లు లేరు. ఇంకో రెండు నెలలు చేస్తే ఆమె ఉద్యోగం పర్మినెంటు. సరిగ్గా అప్పుడే అత్త బాలమణి అడ్డం పడింది.

"ఆదివారం దాకనే జూస్త. సోమారం నుంచి నౌకరి బంద్. గా ఎల్లన్న ఎవల్ని వట్టుకుంటడో ఏందో!"

బాలమణి మామూలు మనిషి కాదు. వాకిట్లోకి పామొస్తే చీపురు తిప్పి కొట్టే రకం. అలాంటి మనిషికి ఎల్లయ్య పేరెత్తితే చాలు, ముఖంలో నెత్తురు ఉండేది కాదు. ఎందుకో రోజారాణికి అర్థమయ్యేది కాదు.

ఆ గురువారం అమావాస్య.

"శివన్నా, నేను షెడ్డు దాటేదాక హెడ్‌లైట్లు ఏసి ఉంచవా?" అని అడిగింది దిగుతూ. ఉంచాను. అర నిమిషం ఉంచాను.

తర్వాత జరిగింది ఆమె మాటల్లోనే తెలుసు. బండి చప్పుడు పోయింది. కీచురాళ్ల రొద ఒక్కటే మిగిలింది. షెడ్డు గోడ దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే మెల్లబడ్డాయి. గోడ అవతల...

"ఒకటి... రెండు... మూడు..."

ముసలి గొంతు. పక్కనే ఉన్నట్టు.

"నాలుగు... ఐదు..."

ఆగింది. ఒక నిట్టూర్పు.

"ఆరోది... ఇప్పుడే ఉండె. సూటిగ జూస్తె మాయమైతాంది."

రోజారాణి పరుగెత్తాలి. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆమెకు భయం కంటే ముందు కోపమొచ్చింది. పది నెలలు నిలబడి నిలబడి కాళ్లు వాచి సంపాదించుకున్న నౌకరీ ఒక ముసలాయన కోడి కోసం పోవాలా? ఫోన్ టార్చి వేసి, గోడ మలుపు తిరిగి, దాన్ని నేరుగా ఆ గొంగడి మీదికే కొట్టింది.

"తాతా! నీ ఆరో కోడి మా ఇంట్ల లేదు! నన్నిడిసిపెట్టు!"

గొంగడి ఒక్కసారిగా లేచి నిలబడింది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఆర్పు! లైటార్పు తల్లీ! నా కండ్లు వోయినయి!"

దయ్యానికి వెలుగంటే పడదని ఆమె చిన్నప్పుడు విన్నదే. ఇంత మర్యాదగా బతిమాలుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"నేను దయ్యాన్ని గాదు బిడ్డా," అంది గొంగడి. "రిటైరైన లేతు మిషను టర్నర్‌ను. పేరు జనార్ధన్."

చీకట్లోంచి ఇంకో మనిషి వచ్చింది. చేతిలో నోటు పుస్తకం, ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి. మాధవీలత, బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ. వాళ్లిద్దరి మధ్య నీళ్ల బిందె అంత లావుగా, మనిషెత్తున గొట్టం ఒకటి ఆకాశంలోకి తలెత్తి ఉంది. టెలిస్కోపు. అందులో పన్నెండు అంగుళాల అద్దం, జనార్ధన్ రెండేళ్లు కూర్చుని చేత్తో అరగదీసింది.

రోడ్డు లైట్లకు షెడ్డు గోడ అడ్డమని, షెడ్డు యజమానిని అడిగి మరీ అక్కడికి వస్తున్నారు. కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే అరగంట పడుతుంది, ఎర్ర వెలుతురైతే ఆ అలవాటు చెడదు. గొంగడేమో పక్కనుంచి వెలుతురు తగలకుండా కప్పుకునేది.

"ఇంత తిప్పలపడి ఏం జూస్తున్రు సార్?"

"శనిని."

"శనినా!" రోజారాణి రెండడుగులు వెనక్కి వేసింది. "జనమంత గా శని పోవాల్నని నూనె వోస్తుంటే, మీరు ఎతుక్కుంట వొచ్చిండ్రా?"

జనార్ధన్ పగలబడి నవ్వాడు. "శని నాగ్గూడ అద్దు బిడ్డా. దాన్ని కన్ను వెట్టే కాడ రేకు ముక్క అడ్డం వెట్టి గప్పేసిన. దాని సుట్టు తిరిగే సిన్న సందమామలు గావాలె. ఐదు దొరికినయి. ఆరోది మైమస్ అని, మస్తు సిన్నది. పెండ్లి పందిట్ల ఫోకస్ లైటు పక్కన మిణుగురు వురుగు లెక్క."

మాధవీలత అసలు సంగతి చెప్పింది. శని చుట్టూ ఉండే వలయం ఈ నెలలో మనకు సన్నటి గీతలా కనిపిస్తోంది. దాని వెలుగు తగ్గింది కాబట్టే ఆ మిణుగురు దొరికే ఆశ. మళ్లీ ఇలాంటి అదను రావాలంటే పదిహేనేళ్లు పడుతుంది.

"నాకు అరవై ఎనిమిది," అన్నాడు జనార్ధన్. ఆ ఒక్క మాట దగ్గర ఆయన నవ్వలేదు.

ఆయన తొమ్మిదో రాత్రి ప్రయత్నాన్ని తన ఫోన్ టార్చి తినేసిందని తెలిసి రోజారాణికి ప్రాణం ఉసూరుమంది. మైమస్ మళ్లీ వలయం అంచు అవతలికి వచ్చేది ఆదివారం సాయంత్రం ఏడింటికి. ఆదివారం... అత్తమ్మ పెట్టిన గడువు కూడా అదే.

"అత్తమ్మా, ఒక్కసారి నీ కండ్లతోని వొచ్చి సూడు. ఆడ దయ్యముంటే నౌకరి నేనే ఇడిసిపెడ్త," అని పందెం కట్టి బాలమణిని బయల్దేరదీసింది. ఆవిడ కొంగున నిమ్మకాయ ముడేసుకుని, చేతిలో వేపమండ పట్టుకుని వచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను. ఇంజను ఆపకుండా బండి దూరంగా పెట్టబోతే, ఆ లైట్లు కూడా ఆర్పమన్నారు. దేవుడా అనుకుంటూ ఆర్పాను.

జనార్ధన్ చాలాసేపు కన్ను పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "ఉన్నట్టే ఉంది... నా కండ్ల మీద నాకే నమ్మకం లేదు. అమ్మా, నువ్వు సూడు. యాడ సూడాల్నో నేను జెప్ప."

బాలమణి వేపమండ నాకిచ్చి వంగింది.

"ఏం లేదయ్యా. మసక."

"సూటిగ సూడకు. పక్కకు సూస్తున్నట్టు జెయ్యి. సన్నటి ఎలుగు పక్క సూపుకే దొరుకుతది."

బాలమణి చూపు మెల్లగా పక్కకు తిప్పింది.

"ఆఁ... నూకంత... వోయింది. మల్లొచ్చింది! గీత కొసకు కొంచెం అవుతల. కుడి దిక్కు!"

మాధవీలత ఎర్ర టార్చి వెలుగులో పుస్తకం చూసింది. అందులో ముందే గీసుకున్న బొమ్మలో మైమస్ సరిగ్గా అక్కడే ఉంది. జనార్ధన్ వైపు తిరిగి అవునన్నట్టు తల ఊపింది. జనార్ధన్ మళ్లీ ఒకసారి కన్ను పెట్టి చూసి, గొంగడి గాల్లోకి లేపి చీకటి దద్దరిల్లేలా అరిచాడు.

"ఆరోది దొరికిందీ!"

బాలమణి నేల మీద కూలబడింది. రెండు చేతులూ జోడించింది.

"తప్పైంది ఎల్లన్నా! నీ ఆరో కోడిని నేనే గోసిన! మా వాకిట్ల నూకలు తిననీకి వొచ్చిందని... సుట్టాలొచ్చిండ్రని... పులుసు వెట్టిన! నా కోడల్ని ఏమనకు!"

ముందు నవ్వింది రోజారాణి. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత మాధవీలత, తర్వాత నేను, ఆఖరుకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాలమణి కూడా.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆవిడ కోడలి చెవిలో అన్న మాట నాకూ వినిపించింది. "గీ ముచ్చట కుమార్‌కు సెప్పకు."

"మరి నౌకరి?"

"జేస్కో బిడ్డా. నిన్ను ఎవలాపిండ్రు?"

బాలమణి మనసు మాత్రం ఊరుకోలేదు. మరునాడు ఒక నాటుకోడిని కొని, గుప్పెడు నూకలతో షెడ్డులో వదిలి వచ్చింది. నేను కూడా మారాను. అప్పటినుంచి రోజారాణిని ఇంటి గడప దాకా దింపుతున్నాను.

ఆ వారంలోనే ఒక రాత్రి ఆమెను దింపి ఒక్కణ్నే తిరిగి వస్తున్నాను. షెడ్డు వెనక నుంచి లెక్క వినిపించింది. అలవాటైన లెక్కే కదా, అద్దం దించాను.

"నాలుగు... ఐదు... ఆరు."

"ఏం సార్, ఇయ్యాల గూడ దొరికిందా?" అని కేకేశాను.

"దొర్కింది బిడ్డా," అంది గొంతు చీకట్లోంచి. మస్తు ఖుషీగా ఉంది. "ఇగ పండుకుంట."

నాకూ సంతోషమనిపించి జనార్ధన్‌కు ఫోన్ కలిపాను. ఇంటికి బయల్దేరేముందు చాయ్ తాగుతారేమో, తెచ్చి పెడదామని.

"నేను ఇంట్లనే ఉన్న శివా," అన్నాడాయన నిద్రమత్తులో. "తుఫాను మబ్బులాయె, మూడు దినాల సంది అటు రానే లేదు."

బండి ముందు అద్దం మీద ఒక చినుకు పడింది. తల పైకెత్తి చూశాను. ఆకాశంలో ఒక్క నక్షత్రం కూడా లేదు.

షెడ్డులో ఒక కోడి నెమ్మదిగా కొక్కొక్కు అంది.

ఆ బాటలో ఉన్న గుంతలన్నిటి మీదుగా ఒకే గేర్లో వచ్చేశాను. టైర్ల సంగతి ఆ రాత్రి నాకు గుర్తే రాలేదు.